వీడియోలో డాక్టరు: మనకు ఏది వస్తుంది, ఏది రాదు

ఉద్దానం మండలాల వైద్య పథకాల లబ్ధిదారుల సమావేశంలో జిల్లా సమాచార అధికారి మాట్లాడిన పాఠం

ఎండ ముదరకముందే వచ్చి కూర్చున్న అమ్మలకు, తోట పని మానుకొని వచ్చిన అన్నలకు ముందే ఒక మాట చెప్పేస్తాను. ఈరోజు కొత్త పథకం ఏదీ ప్రకటించడం లేదు. ఫారాలు పంచడం లేదు, వేలిముద్రలు తీసుకోవడం లేదు. ఇప్పటికే మీ చేతిలో ఉన్నదాని గురించే మాట్లాడతాను. ఎందుకంటే లేనిదాని కోసం తిరిగి నష్టపోయేవాళ్ల కంటే, ఉన్నది తెలియక నష్టపోయేవాళ్లే ఎక్కువమంది కనిపిస్తున్నారు.

విషయం ఏమిటంటే, మన ఊరి హెల్త్ క్లినిక్‌లో, అంటే మనం ఇప్పటికీ సబ్ సెంటర్ అని పిలుచుకునే చోట, సీహెచ్‌వో మేడం కంప్యూటర్లోనో ట్యాబ్‌లోనో డాక్టరుని చూపిస్తారు కదా, దాని పేరు ఈ-సంజీవని. దీని మీద ఊళ్లలో రెండు రకాల మాటలు వింటున్నాను. ఒకటి, "చెయ్యి పట్టుకొని చూడని డాక్టరు ఏం డాక్టరు, అదంతా లెక్క కోసం" అని. రెండోది, "వీడియోలో చూపించేశాం కదా, ఇంక పెద్దాసుపత్రికి రాయరంట" అని. మొదటిది సగం నిజం కాదు. రెండోది అసలే నిజం కాదు. ఇది నమ్మి మంచాన పడ్డాక ఆసుపత్రికి వచ్చేవాళ్లు ఉంటారని నా భయం. అందుకే రెండోదాని గురించే ఎక్కువ చెబుతాను.

ముందు డబ్బు సంగతి. ఈ-సంజీవనిలో డాక్టరుతో మాట్లాడటానికి పైసా కట్టక్కర్లేదు. తెల్ల కార్డు ఉందా, లేదా అని కూడా అడగరు. అది అందరికీ ఉచితం. కానీ ఫోన్లో ప్రకటన చూసి, ఏదో ప్రైవేటు యాప్‌లో మూడొందలో ఐదొందలో కట్టి డాక్టరుతో మాట్లాడితే, ఆ డబ్బు ఎన్టీఆర్ వైద్య సేవ కింద తిరిగి రాదు. వైద్య సేవ, అంటే 2007లో ఆరోగ్యశ్రీ పేరుతో మొదలైన పథకమే, ముఖ్యంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సల కోసం. ఆపరేషను, గుండె, క్యాన్సరు, డయాలసిస్ వంటివి దానిలోకి వస్తాయి. ఫోన్ ఫీజులు రావు. మొన్నీమధ్య ఒకావిడ రసీదులు పట్టుకొని వచ్చి, "బాబూ, ఇవి ఎక్కడ ఇవ్వాలి" అని అడిగితే, "ఎక్కడా ఇవ్వక్కర్లేదమ్మా, ఇంకెప్పుడూ కట్టకండి" అని చెప్పాల్సి వచ్చింది. ఆ డబ్బుతో రెండు రోజుల కూర వచ్చేది.

ఇక నిబంధనల మాట. 2020 మార్చి 25న, అంటే దేశమంతా లాక్‌డౌన్ మొదలైన రోజునే, ఫోన్లో వీడియోలో వైద్యం ఎలా చేయాలో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. అంతకుముందు ఫోన్లో మందు రాస్తే చట్టం ఏమంటుందో డాక్టర్లకే స్పష్టంగా తెలియదు. ఆ మార్గదర్శకాలలో డాక్టరుని "ఆర్ఎంపీ" అని రాశారు. మన ఊళ్లో ఆర్ఎంపీ అంటే సైకిలు మీదో బండి మీదో వచ్చి సూది వేసి వెళ్లే ఆయన కదా! అక్కడ అర్థం అది కాదు. ఎంబీబీఎస్ చదివి, మెడికల్ కౌన్సిల్‌లో పేరు నమోదై, నంబరు ఉన్న డాక్టరు అని. ఎవరైనా మీకు ఫోన్ చేసి "నేను ఆర్ఎంపీని, కేంద్రం నాకు పర్మిషన్ ఇచ్చింది" అంటే ఆ మాటతో మోసపోకండి. రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. తెరమీది డాక్టరుని కూడా పేరు, నంబరు అడగవచ్చు. అది అగౌరవం కాదు, చెప్పడం వాళ్ల బాధ్యత. మందుల చీటీ మీద కూడా ఆ పేరు, నంబరు, తేదీ, సంతకం ఉండాలి.

ఇప్పుడు అసలు మాట. దయచేసి ఇది ఇంటికెళ్లి అత్తమ్మకు, మామయ్యకు కూడా చెప్పండి. రోగి "నేను ఆసుపత్రికి వస్తాను, ఎదురుగా చూడండి" అన్నప్పుడు, డాక్టరు "కాదు, వీడియోలోనే" అని పట్టుబట్టడం ఆ నిబంధనల ప్రకారం తప్పు. డాక్టరు వృత్తి నియమాలను ఉల్లంఘించినట్టు లెక్క. నేను నా మాటగా చెప్పడం లేదు, నిబంధనల్లో ఉన్న మాటే ఇది. ఎదురుగా చూపించుకునే హక్కుకు వీడియో అదనం, దానికి బదులు కాదు. "మీకు వీడియో అయిపోయింది, ఇక రెఫర్ చెయ్యం" అని ఎవరైనా అంటే, "ఆ మాట కాగితం మీద రాసివ్వండి" అని మర్యాదగా అడగండి. చాలామంది అక్కడితో ఆగిపోతారు.

అటు డాక్టరుకీ ఒక హక్కు ఉంది. వీడియోలో చూసి, "ఇది ఇలా తేలదమ్మా, పీహెచ్‌సీకి రండి" అనవచ్చు. అలా అన్నారంటే మిమ్మల్ని తోసేస్తున్నారని అనుకోకండి. అలా అనగలిగే డాక్టరు మంచి డాక్టరు. కడుపు నొక్కి చూడాలి, గుండె చప్పుడు వినాలి, గడ్డ మెత్తగా ఉందో గట్టిగా ఉందో తడిమి చూడాలి. ఇవి గాజు తెర మీద కుదరవు. మనలో కొందరు "డాక్టరు ఏదో ఒకటి రాసెయ్యాలి, చీటీ లేకుండా వస్తే పని కానట్టే" అనుకుంటాం. చీటీ లేకుండా పంపినందుకు కోపం తెచ్చుకోకండి.

మందుల విషయంలో కూడా హద్దులున్నాయి. వినడానికి కొంచెం విసుగ్గా ఉన్నా వినండి, దీని దగ్గరే గొడవలు వస్తున్నాయి. జ్వరం మాత్ర పారాసెటమాల్, విరేచనాలకు ఓఆర్ఎస్ పొట్లం వంటివి మామూలు ఫోన్ కాల్‌లో కూడా చెప్పవచ్చు. చర్మం మీద తామరకు పూసే మందు, కళ్లకలకకు చుక్కల మందు లాంటివి మొదటిసారి ఇవ్వాలంటే డాక్టరు వీడియోలో చూడాలి, ఉత్త మాట విని ఇవ్వకూడదు. బీపీ, షుగరు, ఉబ్బసం మందులు మీరు ముందే వాడుతుంటే, అవే మళ్లీ రాయవచ్చు. బీపీకి ముందు ఎదురుగా చూసి ఒక మాత్ర పెట్టారు, అది సరిపోవడం లేదు, ఇంకోటి కలపాలి అనుకోండి, అదీ చేయవచ్చు. మార్ఫిన్ లాంటి మత్తు చట్టం కిందికి వచ్చే మందులు మాత్రం ఎంత బతిమాలినా వీడియోలో రాయరు. రాయకపోతే సీహెచ్‌వో మేడంతో పోట్లాడి లాభం లేదు, ఆవిడ చేతిలో లేదు అది.

ఇందులో ఆరు నెలల లెక్క ఒకటుంది. ఎదురుగా చూపించుకున్న జబ్బుకే ఆరు నెలల లోపు వీడియోలో మళ్లీ మాట్లాడితే దాన్ని కొనసాగింపు కింద లెక్కేస్తారు. ఆరు నెలలు దాటినా, జబ్బు మారినా, మళ్లీ మొదటిసారి వచ్చినట్టే. కాబట్టి షుగరు, బీపీ ఉన్నవాళ్లు నెలనెలా మందులు ఇక్కడే తీసుకున్నా, ఏడాదికి రెండుసార్లైనా డాక్టరు ఎదురుగా కూర్చోవాలి. ఊరికి 104 బండి వచ్చిన రోజు డాక్టరు ఉంటారు, ఆ రోజు పని మానుకున్నా పరవాలేదు.

మన ఉద్దానం దగ్గరకి వద్దాం. కిడ్నీ జబ్బు సంగతి నేను మీకు చెప్పేదేముంది, ఇంటికొక కథ ఉంది. పలాసలో కిడ్నీ ఆసుపత్రి, 200 పడకలతో, 2023 డిసెంబరులో మొదలైంది. సోంపేట, కవిటి, హరిపురంలో డయాలసిస్ ఉంది. అంతకుముందు ఇక్కడి నుంచి విశాఖ కేజీహెచ్‌కి వెళ్లాలంటే, కవిటి వైపు వాళ్లకి రెండొందల కిలోమీటర్ల పైమాటే. ముందురోజు రాత్రే రైలెక్కి, ప్లాట్‌ఫారం మీద పడుకొని, తెల్లారి ఓపీ చీటీ కోసం లైన్లో నిలబడేవాళ్లు. రోగితో పాటు ఇంకొకరు, ఇద్దరి కూలీ పోయేది. వీడియో వైద్యం నిజంగా ఆదుకునేది ఇక్కడే. డయాలసిస్ వీడియోలో అవదు. కానీ రిపోర్టు చూపించి "క్రియాటినిన్ ఇంత వచ్చింది, మందు మార్చాలా" అని అడగడానికి మళ్లీ రైలెక్కక్కర్లేదు. పెద్దాసుపత్రి డాక్టరుని సీహెచ్‌వో మేడం ద్వారా ఇక్కడి నుంచే అడగవచ్చు.

అయితే ఉద్దానం వాళ్లు వీడియోలో మొట్టమొదట చెప్పాల్సిన వాక్యం ఒకటుంది. "నాకు కిడ్నీ జబ్బు ఉంది" లేదా "మా ఇంట్లో కిడ్నీ జబ్బు ఉంది" అని. తల నొప్పికి వెళ్లినా, కాలు నొప్పికి వెళ్లినా ముందు అదే చెప్పండి. ఎదురుగా చూసే డాక్టరుకి మన మొహం వాపు, కాళ్ల నీరు కనిపిస్తాయి. తెరమీది డాక్టరు ఎక్కడో మెడికల్ కాలేజీలో కూర్చొని ఉంటారు, మన ఊరు ఉద్దానమని ఆయనకు తెలియకపోవచ్చు. కొబ్బరి చెట్లెక్కి, జీడిపిక్కలు ఏరి సాయంత్రానికి ఒళ్లు నొప్పులని డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు వేసుకోవడం మనకు అలవాటు. ఇవి కిడ్నీకి చేటు చేస్తాయి. మీరు చెప్పకపోతే, తెలియని డాక్టరు మామూలు మనిషికి ఇచ్చినట్టే ఇచ్చే ప్రమాదం ఉంది. షాపులో కొనుక్కొని వేసుకునేవి కూడా చెప్పండి. సిగ్గుపడకండి, ఖాళీ షీట్లు జేబులో వేసుకొని తీసుకెళ్లి చూపించండి. పేరు పలకడం రాకపోతే షీటు కెమెరా ముందు పెడితే చాలు.

వెళ్లేటప్పుడు పాత చీటీలు, రిపోర్టులు, ఫోను తీసుకెళ్లండి. ఆధార్ అడిగితే చూపించండి. ఆభా నంబరు అని 14 అంకెలది ఒకటి చేస్తున్నారు, ఉంటే మంచిదే, మీ రికార్డులన్నీ ఒకచోట ఉంటాయి. లేదని వైద్యం ఆపకూడదు. ఇచ్ఛాపురం వైపు ఇంట్లో ఒడియా మాట్లాడే పెద్దవాళ్లు ఉంటారు. అవతల డాక్టరుకి అర్థం కాకపోతే సీహెచ్‌వో మేడంనో ఆశా కార్యకర్తనో తెలుగులో చెప్పమనండి. అర్థం కాకుండా తల ఊపి రావద్దు. మందు ఏ పూట వేసుకోవాలో మూడుసార్లు అడిగినా ఎవరూ తిట్టరు.

ఆడవాళ్లకు ఒక మాట. క్లినిక్‌లో జనం చుట్టూ ఉంటే లోపలి మాట ఎలా చెప్పాలి అని చాలామంది చెప్పకుండానే వచ్చేస్తున్నారు. తలుపు వేయమనండి, తెర కట్టమనండి. భర్తైనా, అత్తైనా బయట ఉండమని చెప్పవచ్చు. వీడియో మొదలుపెట్టేది క్లినిక్ సిబ్బంది అయితే, డాక్టరు ముందుగా "మాట్లాడటానికి మీకు సమ్మతమేనా" అని అడగాలి, మీరు సరే అన్న తర్వాతే మాట్లాడాలి. మీరే ఫోన్ చేస్తే అది సమ్మతి కిందే లెక్క. మీ బొమ్మలు గానీ, జబ్బు వివరాలు గానీ బయట పెట్టే అధికారం డాక్టరుకి లేదు, పక్కన నిలబడ్డవాళ్లకి అసలే లేదు. ఫోను పైకెత్తి ఎవరైనా తీస్తున్నట్టు కనిపిస్తే వెంటనే ఆపమనండి.

కొడుకులు హైదరాబాదులో, గల్ఫ్‌లో ఉండి అమ్మ తరఫున ఫోన్లో మాట్లాడటం కూడా మన దగ్గర ఎక్కువే. అమ్మ పక్కన ఉండి, తనే మాట్లాడగలిగితే ఆమెనే మాట్లాడనివ్వండి. అమ్మ దగ్గర లేకుండా కొడుకే మందు రాయించుకోవాలంటే, డాక్టరు ఆ సంబంధం రుజువు అడుగుతారు, అడగాలి కూడా. చిన్నపిల్లలకు మాత్రం పెద్దవాళ్లు పక్కన ఉంటేనే చూస్తారు. బడి నుంచి పిల్లాణ్ని ఒంటరిగా పంపకండి.

ఏ జబ్బుకి వీడియో కోసం ఎదురుచూడకూడదో కూడా చెప్పాలి. గుండెలో పట్టేసినట్టు నొప్పి, మూతి వంకర పోవడం, చెయ్యో కాలో లాగేసినట్టవడం, పాము కాటు, రక్తం ఆగకపోవడం, పురిటి నొప్పులు, ఊపిరి ఆడకపోవడం, డయాలసిస్ తప్పిపోయి ఆయాసం రావడం, వీటికి 108. క్లినిక్‌కి వెళ్లి మేడం వీడియో పెట్టేదాకా కూర్చోవద్దు. అలాంటప్పుడు తెరమీది డాక్టరు చేయగలిగేది కూడా బండి వచ్చేలోపు ఏం చేయాలో చెప్పి పంపడమే.

2023 ఫిబ్రవరికి దేశంలో ఈ-సంజీవని పది కోట్ల సంప్రదింపులు దాటింది, అందులో మూడు కోట్లకు పైగా ఒక్క ఆంధ్రప్రదేశ్‌వే, దేశంలో మొదటి స్థానం మనదే. ఇలాంటి అంకెలు పత్రికలకు పంపడం నా ఉద్యోగం, కాబట్టి నేనే పంపిస్తుంటాను. కానీ మీకు కావలసిన లెక్క అది కాదు. మీరు అడిగిన మందు దొరికిందా, డాక్టరు మాట అర్థమైందా, అక్కర ఉన్నప్పుడు పెద్దాసుపత్రికి రాశారా, ఇవి మాకు తిరిగి చెప్పండి. డాక్టరు రాసిన మందు క్లినిక్‌లో లేకపోతే పీహెచ్‌సీలో ఉందేమో అడిగించండి. "బయట కొనుక్కోండి" అన్న మాటే చివరి మాట కాకూడదు.

రాసేవాళ్లుంటే ఈ నంబర్లు రాసుకోండి. 108 అత్యవసరానికి. 104 ఆరోగ్య సలహాకు, ఫిర్యాదుకు. వైద్య సేవ కార్డుతో వెళ్లినప్పుడు ఆసుపత్రిలో డబ్బు అడిగితే, ముందు అక్కడే ఉండే వైద్యమిత్రకి చెప్పండి, వినకపోతే 104. మనసు బాగోక, నిద్ర పట్టక, ఏదో చేసుకోవాలనిపించేంత దిగులు ఉంటే 14416, దాని పేరు టెలి మానస్, 2022 అక్టోబరు నుంచి ఉంది, రాత్రయినా పగలైనా తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. డయాలసిస్‌లో ఉన్నవాళ్లకీ, వాళ్ల ఇంట్లో సేవ చేసేవాళ్లకీ ఈ నంబరు ఎంత అవసరమో నేను చెప్పక్కర్లేదు. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు, వైద్యం మీద ఫిర్యాదైనా సరే ఇవ్వవచ్చు.

మాట్లాడటం అయ్యాక కొందరు ప్రశ్నలు అడిగారు. అక్కడికి రానివాళ్ల కోసం మూడు ఇక్కడ రాస్తున్నాను.

"మాకు టచ్ ఫోన్ లేదు, మరి ఎలా" అని ఒక పెద్దాయన అడిగారు. బాబాయ్, మీ దగ్గర ఏ ఫోనూ అక్కర్లేదు. క్లినిక్‌కి వెళితే చాలు, తెర వాళ్లదే. చూపు సరిగా లేకపోతే మనవడిని తీసుకెళ్లండి. సిగ్నల్ లేక బొమ్మ ఆగిపోతే డాక్టరు మాటతోనే మాట్లాడతారు, కానీ అప్పుడు అన్ని మందులూ రాయలేరు. ఆ కారణంగా మళ్లీ రమ్మంటే విసుక్కోవద్దు.

"వికలాంగుల సర్టిఫికెట్టు వీడియోలో ఇచ్చేస్తే పింఛను పని అయిపోతుంది కదా" అని ఒకావిడ అడిగారు. లేదమ్మా. సదరం సర్టిఫికెట్టుకి డాక్టర్లు ఎదురుగా పరీక్షించాలి, దానికి వేరే శిబిరం ఉంటుంది. సచివాలయంలో స్లాట్ అడగండి. వీడియోలో ఇప్పిస్తానని ఎవరైనా డబ్బు అడిగితే ఆ మనిషి మోసగాడని తెలుసుకోండి.

మూడోది అడిగింది చిన్న వయసు అమ్మాయి, తండ్రికి డయాలసిస్. "సార్, మొన్న ఒకరు ఫోన్ చేసి, నాన్న వైద్య సేవ కార్డు ఆగిపోయింది, ఓటీపీ చెబితే తెరుస్తాం అన్నారు" అంది. చెప్పిందా, చెప్పలేదా అని అందరం ఊపిరి బిగబట్టుకున్నాం. చెప్పలేదు, ఫోను పెట్టేసింది. సరిగ్గా చేసింది. ఈ-సంజీవనికైనా, వైద్య సేవకైనా, మీరు అడగకుండా ఎవరో ఫోన్ చేసి ఓటీపీ అడగరు. ఎవరికైనా పొరపాటున చెప్పేసి డబ్బు పోతే, ఇంట్లో తిడతారని దాచకుండా, వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు ఆపడానికి అంత వీలుంటుంది. ఆ అమ్మాయికి వచ్చిన నంబరు తీసుకొని పోలీసు స్టేషన్‌కి పంపాం. మీకెవరికైనా అలాంటి ఫోన్ వస్తే, ఆ నంబరు చెరిపేయకుండా మీ సచివాలయంలో ఇవ్వండి.